ఒకే రోజు పుట్టిన పదకొండు మంది

పిల్లలకు పాఠం చెప్పడం తప్ప మిగిలిన పనులన్నీ ప్రభుత్వం నాకే అప్పగించింది అని నేను నవ్వుతూ అంటుంటాను. నిజానికి అందులో నవ్వాల్సిందేమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా బళ్ళారిలో కన్నడ ప్రాథమిక బడిలో టీచర్ని. ఇన్నేళ్ళలో మనుషుల్ని లెక్కపెట్టాను, మేకల్ని లెక్కపెట్టాను, మరుగుదొడ్లు ఉన్న ఇళ్ళెన్నో, ఉండీ వాడనివాళ్ళెందరో లెక్కపెట్టాను. ఓటర్ల జాబితా పని మాత్రం పెళ్ళి కాకముందు నుంచీ నా వెంటే ఉంది. కౌల్ బజార్ వెనకాల మా గల్లీ, దాని పక్కనున్న రెండు గల్లీలు నా భాగం. తెలిసిన మొహాలే కదా, తలుపు కొడితే కాఫీ కూడా ఇస్తారు అని మొదట్లో సంబరపడ్డాను. బుద్ధి తక్కువై అనుకున్న మాట అది. తెలిసినవాళ్ళ గడప తొక్కి చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే తెలుస్తుంది, తెలియనివాళ్ళ గల్లీ ఎంత సుఖమో.

మామూలు ఏళ్ళలో ఆ పని పెద్ద కష్టమేమీ కాదు. చనిపోయినవాళ్ళ పేర్లు తీసేయడం, పద్దెనిమిది నిండినవాళ్ళ పేర్లు చేర్చడం, అంతే. ఈసారి వచ్చిన సవరణ వేరు. ఇంటింటికీ అచ్చు ఫారం ఇవ్వాలి. ఇరవై ఏళ్ళు దాటిన పాత జాబితాలో తమ పేరో, తమ అమ్మానాన్నల పేరో వాళ్ళు చూపించాలి. చూపించినది నా ఫోన్‌లోని యాప్‌కు నచ్చాలి. నచ్చకపోతే నోటీసు వస్తుంది. నోటీసుకు రుజువు తేవాలి. తేలేకపోతే పేరు పోతుంది.

"ఇన్నేండ్లు ఓటేసినోళ్ళను ఇప్పుడు నువ్వెవరని అడిగేదేంది టీచరమ్మా?" అని గల్లీలో అందరూ నన్నే నిలదీశారు, ఆ నియమం నేనే కూర్చుని రాసినట్టు.

పక్క గల్లీలో ఒక ముస్లిం ముసలామె ఉంది. నేను గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే ట్రంకు పెట్టె తీసి కాగితాలు వరసగా పరిచింది. ఆమెవి, భర్తవి, మామవి, చివరికి మామ కట్టిన ఇంటిపన్ను రసీదులు కూడా. అన్నీ ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. "చూడమ్మా, అన్నీ ఉండాయి. మాకు భయం కదా, అందుకే జోపానంగా పెట్టినా" అంది. చిన్నప్పటినుంచీ ఆ భయం వాళ్ళకు అలవాటు. మా తెలుగు క్రైస్తవుల గల్లీలో ఆ భయం లేదు. మనల్ని ఎవరు పట్టించుకుంటారులే అనే ధీమాతో బతికాం. కాగితాలు బియ్యం డబ్బాలో, బైబిల్లో, దిండు కింద, ఎక్కడ చేతికి తగిలితే అక్కడ పెట్టాం.

మా గల్లీలో నాకు అందరికంటే ముఖ్యమైన మనిషి పెద్దమ్మ. మా అమ్మకు సొంత అక్క. నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. నన్ను పెంచింది, చదివించింది, టీచర్ ట్రైనింగుకు పంపింది పెద్దమ్మే. మిషన్ ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి ఎంతమంది బిడ్డలకు మొదటి స్నానం పోసిందో లెక్క లేదు. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె కొడుకు, నా అన్న, జీన్సు ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. మాట్లాడమంటే ఆయనకు పెద్ద శిక్ష. ఆయన కూతురు నర్సింగ్ చదివి, అప్పుడే సర్కారు ఆస్పత్రిలో ఉద్యోగానికి ఎంపికైంది. సర్టిఫికెట్ల పరిశీలన ఇంకా కాలేదు. ఆ గల్లీలో నా తర్వాత సర్కారు జీతం అందుకోబోయేది ఆ పిల్లే.

పెద్దమ్మకు ఓటంటే పిచ్చి. ఎవరికి వేసిందో చచ్చినా చెప్పదు. ఇంట్లో మొగుడు అడిగినా చెప్పలేదట. "నా అంతకు నేను చేసుకునే పని అదొక్కటే పాపా. మిగతావన్నీ వాళ్ళు చెప్పింది నేను చేసిందే" అనేది. వాళ్ళంటే మొగుడు, మేట్రన్, డాక్టరమ్మ, అందరూ.

ఇక ఆ తేదీ సంగతి చెప్పాలి. పెద్దమ్మవాళ్ళది సండూరు తాలూకా బండ్రి వైపు. ఆమెకు పదేళ్ళ వయసప్పుడు అక్కడినుంచి ఏడెనిమిది కూలి కుటుంబాలు బళ్ళారికి వచ్చాయి. వచ్చిన కొన్నాళ్ళకు మిషన్ సంఘంలో చేరాయి. ఒక ఆదివారం పూట పిల్లా జెల్లా అందరికీ కలిపి బాప్తిస్మం ఇచ్చారు. ఆనాటి పాస్టరయ్య ఆరోజు వాళ్ళతో అన్నాడట, ఇంతకుముందు మీరు బతికింది బతుకు కాదు, ఈరోజే మీరు పుట్టారు అని. మిగతావాళ్ళయితే విని ఆమెన్ అని ఇంటికి పోయేవాళ్ళు. మావాళ్ళు నమ్మారు. అంతకుముందు వాళ్ళెవరికీ పుట్టిన తేదీ లేదు. కరువు ఏడు పుట్టినాడు, పెద్ద వాన కురిసిన నెల పుట్టింది అని చెప్పుకునేవాళ్ళు. అలాంటివాళ్ళకు ఒక తేదీ, ఒక నెల, ఒక సంవత్సరం దొరికాయి. వదులుతారా?

రేషన్ చీటీవాళ్ళు అడిగితే ఆ తేదీయే చెప్పారు. ఆస్పత్రి ఉద్యోగానికీ పెద్దమ్మ అదే చెప్పింది. ఏటా ఆ రోజున ముసలివాళ్ళంతా ఒకరికొకరు కేసరిబాత్ పంచుకుంటారు. బాప్తిస్మం నాటికి ఆరేళ్ళున్నవాళ్ళూ, పన్నెండేళ్ళున్నవాళ్ళూ, అందరిదీ కాగితం మీద ఒకే వయసు. చాలామంది పోయారు. పదకొండు మంది మిగిలారు.

ఓటరు కార్డులకు ఫోటోలు తీసిన కాలంలో పెద్దమ్మ వివరాలు ఫారంలో రాసింది నేనే. అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను, చేతిరాత ముత్యాల్లా ఉండేది. తేదీ చెప్పగానే కలం ఆపి నవ్వాను.

"అప్పటికి నీకు పదేండ్లంటివి కదా పెద్దమ్మా. ఆ పదేండ్లు యాడబోయె?"

"అవి లెక్కలేకి రావు పాపా. నువ్వు రాయి."

నేను రాశాను. అక్షరమ్ముక్క వచ్చినదాన్ని, రాయకూడదని తెలిసినదాన్ని, నవ్వుకుంటూ రాశాను. పెద్దమ్మ ఒక్కదానిదే కాదు, ఆ గల్లీలో చాలామందివి రాసింది నేనే. తర్వాత వచ్చిన ప్రతి కార్డూ ముందున్న కార్డును చూసి రాసుకున్నదే. వృద్ధాప్య పింఛను పెద్దమ్మకు పదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. దేవుడిచ్చిన తేదీ కోసం పదేళ్ళ పింఛను పోతే పోయిందిలే అని ఆమె, ఎంత మొండిదమ్మా అని మేము, ఇన్నేళ్ళు నవ్వుకుంటూనే గడిపాం.

ఈసారి యాప్ నవ్వలేదు. అన్న ఫారం ఎక్కించగానే ఎర్రగా చూపించింది. తల్లికీ కొడుక్కీ మధ్య ఏడేళ్ళే తేడా ఉందట. ఏడేళ్ళ పిల్ల కొడుకును కన్నదా అని అడుగుతోంది. అడగడంలో తప్పేముంది? అన్నను వాళ్ళ నాన్న పేరుతో కలిపి ఆ ముడి ఎలాగో విప్పాను. అంతలో ఇంకో ముడి పడింది. ఎవరో ఆక్షేపణ పెట్టారు. మా గల్లీలో పదకొండు మంది ఓటర్లకు ఒకే పుట్టిన తేదీ ఉంది, ఇవి బోగస్ ఓట్లు, తీసేయండి అని. సంతకం చేసినవాడు ఎవరో మా గల్లీలో ఎవరికీ తెలియదు. మా ముసలివాళ్ళ మొహాలు అతనూ చూసి ఉండడు. జాబితాలో ఆ పదకొండు పేర్లూ బైబిల్ పేర్లు కావడం మాత్రం చూసి ఉంటాడు.

నోటీసులు నా చేతికే వచ్చాయి. నేనే పంచాలి, సంతకాలు నేనే తీసుకోవాలి.

పెద్దమ్మ అప్పుడు మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే ఇచ్చింది.

"ఏమని రాసుండారు?"

"నువ్వు నిజంగా ఉండావా, నీ వయసెంత, రుజువు తెచ్చి చూపించమంటాండారు."

"నువ్వు చెప్పలేదా, ఉండాదని?"

"నేను చెప్తే చాలదంట పెద్దమ్మా."

"మళ్ళ నువ్వెందుకు ఉండేది?" అంది. తిట్టలేదు, మామూలుగానే అడిగింది. నేనూ కూర్చుని రెండు చిక్కుడుకాయలకు ఈనె తీశాను.

ఆ వారమంతా పెద్దమ్మ కాగితాలు వెతికాను. ఆస్పత్రి సర్వీసు కాగితం, పింఛను కాగితం, ఆధార్, బ్యాంకు పుస్తకం. ఏదైనా ఒకటి వేరే తేదీ చెబుతుందేమోనని ఆశ. అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. దొంగసాక్షులైతే ఎక్కడో ఒకచోట తడబడతారు. ఇవి తడబడలేదు. బడి మొహం చూడని మనిషికి బడి సర్టిఫికెట్ ఎక్కడినుంచి తెచ్చేది? బండ్రిలో పుట్టుకల రిజిస్టరు ఉందేమో అడిగించాను. ఆ కాలంలో ఊరి బయట ఉన్న కూలివాళ్ళ కాన్పులు ఎవరు రాసుకున్నారు!

అప్పుడు గుర్తొచ్చింది సంఘం పుస్తకం. బడి వదలగానే ఇప్పటి పాస్టరయ్య దగ్గరకు పోయాను. ఆయన బీరువాలోంచి దుమ్ము దులిపి పెద్ద పుస్తకం తీశాడు. అట్ట ఊడిపోయింది, తాడుతో కట్టారు. పాత తెలుగు చేతిరాత. ఆ ఆదివారం పేజీ దొరికింది. వరసగా పేర్లు, తండ్రి పేరు, ఊరు. ఆ తర్వాతి గడిలో వయసు. పెద్దమ్మ పేరుకు ఎదురుగా "సుమారు పది" అని ఉంది. పదకొండు మందివీ ఉన్నాయి. ఒకరికి ఆరు, ఒకరికి పన్నెండు, ఒకరికి "చంటిబిడ్డ".

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో ఒక మహానుభావుడు అంతకాలం కిందట కూర్చుని, ఈ మనుషులకు అంతకుముందు కూడా ఒక బతుకు ఉంది అని గుర్తించి వయసు రాసిపెట్టాడు. ఒకే తేదీ ఎందుకొచ్చిందో, అసలు వయసులెంతో, రెండూ ఒక్క పేజీలో ఉన్నాయి. ఇంతకంటే రుజువేం కావాలి? పేజీ జిరాక్స్ తీయించాను. పాస్టరయ్య సంఘం ముద్ర వేసి సంతకం చేశాడు.

చేసి, కాగితం నా చేతికివ్వకుండా కాసేపు పట్టుకున్నాడు.

"టీచరమ్మా, ఇది ఆఫీసులో పెడితే ఫైల్లో ఉంటుంది కదా?" అన్నాడు.

"ఉంటుంది."

"మళ్ళ మీ అన్న కూతురు..." అని ఆగిపోయాడు.

ఆయన ఆగినచోట నేనూ ఆగాను. తెలియనివాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పాలి. మా తాతలు ఏ కులంలోంచి వచ్చారో ఆ కులానికి షెడ్యూల్డ్ కులాల సర్టిఫికెట్ వస్తుంది. అయితే హిందువుగానో, సిక్కుగానో, బౌద్ధుడిగానో ఉంటేనే. క్రైస్తవుడైతే రాదు. గుడిసె మారలేదు, కూలి మారలేదు, మమ్మల్ని చూసే చూపూ మారలేదు, కానీ సర్టిఫికెట్ మాత్రం పోతుంది. అందుకని పేర్లు బైబిల్‌వైనా మా గల్లీలో కాగితం మీద అందరం హిందువులం. ఆదివారం నాడు చర్చిలో ఉంటాం. ఇది దొంగతనం అనేవాళ్ళున్నారు. అననివ్వండి. మాకు రెండే దారులు కనిపించాయి, రెంటిలో అన్నం పెట్టేదాన్ని పట్టుకున్నాం. పెద్దమ్మ క్రైస్తవురాలని ముద్ర వేసిన కాగితం సర్కారు ఫైల్లోకి పోతే, కొడుకు ఎవరు, మనవరాలు ఎవరు అని వెనక్కి లాగడానికి ఎంతసేపు? ఆ పిల్ల ఎంపికైంది ఆ సర్టిఫికెట్ మీదే, పరిశీలన ఇంకా కావాల్సే ఉంది. ఆక్షేపణ పెట్టినవాడు ఊరుకుంటాడా?

ఇంకో సంగతి కూడా ఉంది. పాస్టరయ్య ఎవరితోనో మాట్లాడటానికి బయటికి పోతే నేను ఆ పుస్తకంలో పేజీలు తిప్పాను. తిప్పాల్సిన పని లేదు. అయినా తిప్పాను. చాలా పేజీల తర్వాత, నీలం సిరాతో, నా పేరు ఉంది. నెల రోజుల పిల్ల, తల్లి పేరు, తండ్రి పేరు. నా టీచర్ ఉద్యోగం ఏ సర్టిఫికెట్ మీద వచ్చిందో నాకు తెలియదా? ఒక పేజీ అడిగినవాడు పుస్తకమంతా అడుగుతాడు. నాకు ఇంకో ఏడేళ్ళ సర్వీసు ఉంది. పుస్తకం మూసేశాను. ఆ క్షణంలో పెద్దమ్మ ఓటు మీద నాకున్న పట్టుదల సగం చచ్చిపోయిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం ఆ పిల్ల భవిష్యత్తు గురించే ఆలోచిస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

విచారణకు ముందురోజు సాయంత్రం పెద్దమ్మ ఇంటికి పోయాను. అన్న అప్పుడే కార్ఖానా నుంచి వచ్చి, చొక్కాకు అంటుకున్న నీలం నూలుపోగులు ఏరుకుంటున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. పుస్తకం దొరికిందని, పేజీ నా సంచిలో ఉందని, దాన్ని పెడితే ఓటు నిలుస్తుందని, మనవరాలి ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చని. నా పేరు సంగతి చెప్పలేదు.

"ఏం చేద్దాం అన్నా?" అని అన్నను అడిగాను.

ఆయన ఇంకో పోగు ఏరాడు. "అమ్మ ఓటు. అమ్మనడుగు" అన్నాడు.

పెద్దమ్మ నా వైపు చాలాసేపు చూసింది.

"ఆ పేజీ లేకపోతే వేరే దావ లేదా?"

"నాకు తెలిసి లేదు."

"మిగతా పదిమందికి కూడా అంతేనా?"

"అందరికీ ఇంట్లో ఒకరో ఇద్దరో సర్టిఫికెట్‌తో చదువుకునేవాళ్ళు ఉండారు కదా పెద్దమ్మా."

"అయితే ఆ పేజీ తీసకరావొద్దు. నేను అందరికీ చెప్తా" అంది. నా గుండెల మీదనుంచి బరువు దిగింది. అలా దిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

విచారణను తహసీల్దారు ఆఫీసులో ఒక పొడవాటి గదిలో పెట్టారు. ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. పదకొండు మందీ శుభ్రమైన బట్టలు కట్టుకుని, మూడు ఆటోల్లో వచ్చి, గోడవారన బెంచీల మీద కూర్చున్నారు. ఒకాయనకు చూపు లేదు, కోడలు చేయి పట్టుకుని తెచ్చింది. అధికారి చిన్నవాడే, మర్యాదస్తుడు. ముసలివాళ్ళకు నీళ్ళు తెప్పించాడు. చెడ్డవాడైతే తిట్టుకుని తేలికపడేదాన్ని.

మొదట పెద్దమ్మనే పిలిచారు. అధికారి కాగితాలు చూసి నవ్వుతూ అడిగాడు, "ఏనజ్జి, హన్నొందు జననూ ఒందే దిన హుట్టిద్రా?" పదకొండు మందీ ఒకే రోజు పుట్టారా అని. మాట ఎగతాళిగా ఉన్నా గొంతులో ఎగతాళి లేదు. ఆయనకు నిజంగానే వింతగా ఉంది.

నలభై ఏళ్ళు ఆస్పత్రిలో కన్నడంలో గడగడా మాట్లాడిన మనిషి, ఆరోజు కన్నడం రానట్టు నా వైపు చూసింది. అధికారి నన్ను తర్జుమా చేయమన్నాడు. చేశాను.

ఊరికే నాకు తెలీదు అంటుందనుకున్నాను. ముసలిదాన్ని, గుర్తు లేదు అనొచ్చు. అలాగే చెప్పమని దారిలో నేర్పించాను కూడా. కానీ ఆయన వదల్లేదు. ఈ తేదీయే ఎందుకు చెప్పారు, ఆరోజు ఏం జరిగింది, పండగా, జాతరా, ఎవరైనా నేర్పించి చెప్పించారా అని గుచ్చి గుచ్చి అడిగాడు. నిజం తెలుసుకుని సాయం చేద్దామనే అడుగుతున్నాడు. ఆ నిజం ఆయనకు చెప్పడానికి లేదు.

పెద్దమ్మ కొంగు సర్దుకుంది.

"ఆ దినం ఏమీ జరగలేదు సార్. అది ఉత్తదే. నోటికొచ్చింది చెప్పినా" అంది.

అధికారి నా వైపు చూస్తున్నాడు, తర్జుమా కోసం.

"సుళ్ళంతె సార్" అన్నాను. అబద్ధమట సార్ అని. కన్నడంలో ఆ మాట నా నోటితోనే చెప్పాను.

వెనక బెంచీ మీదనుంచి చూపు లేని ముసలాయన గొంతు వినిపించింది. "నాదీ అంతేనప్పా. ఉత్తదే." తర్వాత ఒక్కొక్కరూ పిలిచేదాకా కూడా ఆగలేదు. మాదీ అంతే, మాదీ అంతే అంటూ వరసగా చెప్పేశారు. ఎవరూ మొహాలు పైకెత్తలేదు. చిన్నప్పుడు ఒకే పూట పక్కపక్కన నిలబడి పాస్టరయ్య నీళ్ళు నెత్తిన పోస్తే వణికిపోయామని కథలు కథలుగా మాకు చెప్పిన మనుషులు వీళ్ళు.

అధికారి కలం పక్కన పెట్టాడు. ఆయనకూ ఏదో అర్థమైనట్టుంది, ఏం అర్థమైందో తెలియదు. "మేడం, మీకు తెలిసిన రుజువు ఇంకేమైనా ఉందా? మీరు ఆ గల్లీవాళ్ళే కదా" అని కన్నడంలో అడిగాడు. పేజీ తేవద్దని పెద్దమ్మ చెప్పినా ఆ జిరాక్స్ నా సంచిలోనే ఉంది, టిఫిన్ డబ్బా కింద. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. చివరి నిమిషంలో ధైర్యం వస్తుందేమో అనుకున్నానేమో.

"ఏమీ లేదు సార్" అన్నాను.

కొత్తగా అర్జీ పెట్టుకోవచ్చు అని ఆయన అందరికీ చెప్పాడు. కొత్త అర్జీలో మొదటి గడి పుట్టిన తేదీ, దానికి రుజువు. బయటికి వచ్చాక ఆటో ఎక్కేటప్పుడు పెద్దమ్మ చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

కొన్ని రోజులకు తీసేసిన పేర్ల జాబితా వచ్చింది. దాన్ని బడి గోడకు అంటించాల్సింది కూడా నేనే. ఒకచోట మడత పడితే మళ్ళీ సాపు చేసి అంటించాను. పదకొండు పేర్లూ ఉన్నాయి. వాటి ఎదుట కారణం గడిలో, నేను ఫోన్‌లో నొక్కినదే, "రుజువు లేదు". అదే వారం అన్న కూతురి సర్టిఫికెట్ల పరిశీలన ఏ అడ్డూ లేకుండా అయిపోయింది. ఇంటింటికీ మైసూర్‌పాక్ పంచారు. నేనూ తిన్నాను.

ఆదివారం పొద్దున చర్చికి పోతూ పెద్దమ్మను పిలవడానికి పోయాను. అన్న ఇంటివాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. ఆమె ఇంట్లో కట్టుకునే పాత చీరలోనే మెట్టు మీద కూర్చుని ఉంది. స్నానం కూడా చేసినట్టు లేదు.

"లే పెద్దమ్మా, గంట కొట్టేసినారు."

"నువ్వు పో పాపా. నేను రాను."

"యాలకు? ఒళ్ళు బాగలేదా?"

"ఒళ్ళు బాగనే ఉండాది. యా మొగం పెట్టుకోని పోయేది? ఓటు పోతే పోయె. ఆ దినాన్ని ఉత్తదంటిని కదా, నలుగురిలో."

నేను పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "పిల్ల ఉద్యోగం కోసమే కదా అట్లంటివి. దేవునికి తెలీదా?"

పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. చిన్నప్పుడు జ్వరం వస్తే నుదురు చూసినట్టే చూసింది.

"దాని ఒక్కదాని కోసమేనా?" అంది. "ఆ బుక్కులో నీ పేరు ఉండేది నాకు తెలీదనుకుంటివా? మీ అమ్మకు కాన్పు జ్వరం. పాస్టరయ్య ముందర నిన్ను ఎత్తుకోని నిలబడింది నేనే."

నాకు యాభై మూడేళ్ళు. ఆ మెట్టు మీద చిన్నపిల్లలా ఏడ్చాను. ఆమె నా వీపు మీద చేయి వేసి కాసేపు ఉంచి తీసేసింది.

"ఇంక పో పాపా. ఇద్దరమూ రాకపోతే ఏమైందని జనాలు అడుగుతారు" అంది.

నేను లేచి, మొహం తుడుచుకుని, పోయాను.